నూనెలో ‘మడ్డి’, ‘జిగురు’ ఒకటేనా?

నూనె శుద్ధి దశలకు తెలుగు పదపట్టిక కూరుస్తున్న మన బృందంలో, ముడి నూనెల శుద్ధిలో మొదటి దశ అయిన డీగమ్మింగ్‌ను (జిగట పదార్థాలను వేరుచేయడాన్ని) తెలుగులో ‘మడ్డి తీయడం’ అనవచ్చునా అని అడిగిన మిత్రునికి చాలామంది సభ్యులు అనవచ్చుననే బదులిచ్చారు. వారితో నేను ఏకీభవించలేకపోతున్నాను. మడ్డి చక్కని మాట, వాడుకలో ఉన్న మాట. అయితే అది చెప్పే పదార్థం వేరు.

గానుగలో ఆడించిన నువ్వుల నూనెను వెడల్పాటి గిన్నెలో పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టి రెండు మూడు రోజులు ఎండలో ఉంచితే, అందులోని పిండి నలుసులు మెల్లగా అడుక్కి దిగి చిక్కని ముద్దగా పేరుకుంటాయి. మడ్డి అంటే అదే. గిన్నె కదలకుండా పైనున్న తేట నూనెను వంచుకోవడాన్ని తేర్చడం అంటాం. కొంత వ్యవధి ఇస్తే మడ్డి తనంతట తానే దిగుతుంది.

డీగమ్మింగ్‌లో తీసేది అలా దిగేది కాదు. ఉదాహరణకు ముడి సోయా నూనెలోని ఫాస్ఫోలిపిడ్లు (ఫాస్ఫరస్ ఉన్న కొవ్వు పదార్థాలు) నూనెలో కలిసిపోయి ఉంటాయి కనుక, ఎంత తేర్చినా, ఎంత సన్నని గుడ్డతో వడగట్టినా పోవు. వాటిని అలాగే వదిలేస్తే నూనె కాగినప్పుడు నురగ కట్టి నల్లబడుతుంది. నూనెను సుమారు 70 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి, నూటికి రెండు మూడు పాళ్ల నీరు చేర్చి కలియబెట్టినప్పుడు, అవి నీటిని పీల్చుకుని ఉబ్బి, జిగట ముద్దలై నూనె నుంచి విడివడతాయి. వాటిని సెంట్రిఫ్యూజ్‌లో, అంటే అతివేగంగా తిప్పే యంత్రంలో, వేరు చేస్తారు. కాల్షియం, మెగ్నీషియంలతో ముడిపడి నీటికి లొంగనివి కొన్ని మిగులుతాయి, వాటి కోసం ఫాస్ఫారిక్ ఆమ్లమో సిట్రిక్ ఆమ్లమో వాడక తప్పదు. అందుచేత ‘జిగురు తీయడం’ అన్నదే సరైన మాట అని నా అభిప్రాయం. చాక్లెట్లలో వాడే సోయా లెసిథిన్ ఈ జిగురు నుంచే వస్తుంది కాబట్టి, దానిని మడ్డిలో కలిపేయడం దాని విలువను కూడా మరుగుపరుస్తుంది.

మడ్డి అన్న మాటకు తగిన చోటు తరువాతి దశలో ఉంది. విడి కొవ్వు ఆమ్లాలను పోగొట్టడానికి నూనెలో కాస్టిక్ సోడా ద్రావణం కలిపినప్పుడు అవి సబ్బుగా మారి, కొంత నూనెను కూడా పట్టుకుని వేరవుతాయి. సబ్బుల తయారీకి పనికివచ్చే ఆ ముద్దను ‘సబ్బుమడ్డి’ అనవచ్చు. పత్తిగింజల నూనెకు ఈ దశ ప్రాణప్రదమైనది, ఎందుకంటే అందులోని గాసిపాల్ అనే విషపదార్థం ప్రధానంగా ఇక్కడే తొలగుతుంది.

ఆ తరువాత నూనె రంగును తగ్గించే దశ అయిన బ్లీచింగ్‌కు ఒక సభ్యురాలు సూచించిన ‘చలువ చేయడం’ వినసొంపుగానే ఉంది. కానీ చలువ అనగానే బట్టలను తెల్లబరచడం, దానితో పాటు బ్లీచింగ్ పౌడరు గుర్తుకు వస్తాయి. నూనెలో ఆ పొడి కలుపుతారన్న భయం ఇప్పటికే చాలామందిలో ఉంది. నిజానికి ఇక్కడ వాడేది ఆమ్లంతో చురుకుపరచిన ఒక రకం బంకమట్టి. వేడి నూనెలోని రంగు పదార్థాలు, మిగిలిన సబ్బు దాని రేణువులకు అంటుకుంటాయి, ఆపై మట్టిని వడగట్టేస్తారు. ‘రంగు తీయడం’ అంటే ఆ అపోహకు తావుండదు. శూన్యపీడనంలో నూనెను 220 డిగ్రీలకు పైబడి కాచి ఆవిరి పంపే చివరి దశకు ‘వాసన తీయడం’ చాలు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది ‘మలినాలు’ అన్న మాట. తవుడు నూనెకు పేరు తెచ్చిన ఒరైజనాల్ అనే సహజ పదార్థంలో చాలా భాగం కాస్టిక్ సోడా పద్ధతిలో సబ్బుమడ్డితోనే పోతుంది. దానిని నిలుపుకోవడానికే అనేక కర్మాగారాలు కొవ్వు ఆమ్లాలను సోడాతో కాక ఆవిరితో తొలగిస్తాయి. ముడి పామాయిల్‌కు ఎరుపునిచ్చే కెరోటిన్లు కూడా శుద్ధిలోనే నశిస్తాయి. ఇవన్నీ పోయేవే గానీ మలినాలు కావు. కనుక మన పదపట్టికలో ‘మలినాల తొలగింపు’ అన్న పెద్ద శీర్షికను వదిలి, ఏ దశలో ఏది తీస్తారో దాని పేరే పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను.