శోకగీతానికి శంకరాభరణ స్వరాలా?

ప్రశ్న: లాసన్స్‌బే శ్రోత
పద్దెనిమిదో శతాబ్దపు స్వరకర్త గ్లుక్ కూర్చిన ‘ఓర్ఫే ఎ యూరిడిస్’ అనే ఫ్రెంచి ఒపేరాను, అంటే పాటలతో నడిచే నాటకాన్ని, పది రోజులుగా వింటున్నాను. చనిపోయిన భార్య కోసం ఓర్ఫే పాతాళానికి వెళ్లి, అక్కడివారిని గానంతో కరిగించి, దారిలో ఆమె ముఖం చూడరాదన్న షరతుకు ఒప్పుకొని, చివరికి ఆమె వేదన భరించలేక వెనుదిరిగి చూసి మళ్లీ పోగొట్టుకుంటాడు. అప్పుడు పాడే ‘నా యూరిడిస్‌ను పోగొట్టుకున్నాను’ పాట పల్లవిని హార్మోనియం మీద పలికిస్తే, అవి మన శంకరాభరణ స్వరాలే. ఇంతటి శోకానికి ఇంత ప్రసన్నమైన స్వరాలెందుకు?

జవాబు: సిరిపురం వేణువు
మీ సందేహం చాలా పాతది. ‘పోగొట్టుకున్నాను’ అన్నచోట ‘దొరికింది’ అని పాడినా ఆ వరుసకు చక్కగా అతుకుతుందని 1779లోనే ఒక ఫ్రెంచి విమర్శకుడు రాశాడు. గ్లుక్‌కు ఈ ప్రమాదం ముందే తెలుసు. పాడే తీరు ఏ కాస్త మారినా ఈ పాట బొమ్మలాటలో గంతుల పాటగా మారిపోతుందని 1770లో, మరో ఒపేరా అంకిత పత్రంలో, ఆయనే హెచ్చరించాడు. దుఃఖాన్ని ఆయన గాయకుడి నిగ్రహానికి అప్పగించాడని నా అభిప్రాయం.

జవాబు: హార్మోనియం మాస్టారు
శంకరాభరణం సంతోషానికే అంటే నేను ఒప్పుకోను. ‘ఎందుకు పెద్దల వలె బుద్ధియ్యవు’ అని త్యాగయ్య మొరపెట్టుకున్నది ఆ రాగంలోనే కదా! మీరు పల్లవుల నడుమ భాగాలను శ్రద్ధగా వినండి. పల్లవి మూడుమార్లు వస్తుంది. మధ్యలో ఓర్ఫే ‘యూరిడిస్! యూరిడిస్!’ అని పిలిచి, బదులు పలకమని వేడుకుంటాడు. బదులు రాదు. మళ్లీ అదే పల్లవి ఎత్తుకుంటాడు. మొదటి అంకంలో సమాధి దగ్గర బృందం విలపిస్తున్నప్పుడు కూడా అతడి నోట వచ్చేది ఆ ఒక్క పేరే.

జవాబు: సిరిపురం వేణువు
మరొక మాట. మీరు విన్నది ఏ కూర్పు? 1762లో వియన్నాలో ఇటాలియన్ భాషలో తొలిసారి ఆడినప్పుడు ఓర్ఫే పాత్రను గ్వాదాన్యి అనే కాస్ట్రాటో (గొంతు మారకుండా చిన్నప్పుడే శస్త్రచికిత్స చేయించిన పురుష) గాయకుడు పాడాడు. 1774లో పారిస్ కోసం గ్లుక్ దానిని ఫ్రెంచిలోకి మార్చి, పై స్థాయి పురుష కంఠం గల లెగ్రో కోసం తిరగరాశాడు. 1859లో ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ దానిని వియార్దో అనే గాయని కోసం సవరించాడు.

లాసన్స్‌బే శ్రోత
నేను విన్నది గాయని పాడినది, కొంత వేగంగా సాగింది. మాస్టారూ, మీరు చెప్పాక నిన్న రాత్రి సముద్రపు హోరు వినపడకుండా కిటికీ మూసి, ఒక పురుష గాయకుడు నెమ్మదిగా పాడినది విన్నాను. మూడోసారి పల్లవి వచ్చినప్పుడు స్వరాలు అవే ఉన్నాయి గానీ, నాకు అవి ప్రసన్నంగా వినిపించలేదు.