డెడ్‌లైన్‌ను ‘గడువు’ అనేస్తే ఆ గీత ఏమైనట్టు?

ఒక మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. గ్రూపులో పెద్దలు, తోటి అనువాదకులు కాస్త సాయం చేయాలి.

పిల్లల పత్రిక ఒకదానికి అమెరికా అంతర్యుద్ధం మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ యుద్ధబందీల శిబిరం గురించి నాలుగు పేరాలున్నాయి. వాటిలోనే ‘డెడ్‌లైన్’ ఆరుసార్లు వచ్చింది. చెయ్యి అలవాటు కొద్దీ ‘గడువు’ అని కొట్టుకుంటూ పోయింది. వెనక్కి వచ్చి చదువుకుంటే వాక్యం ఇలా తయారైంది: గడువు దాటినవాణ్ణి కాపలావాడు కాల్చేశాడు.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఆ మాట పుట్టినప్పుడు దానికి కాలంతో పనే లేదు. అది నిజంగా నేలమీద గీసిన గీత.

ఆండర్సన్‌విల్‌కు మొదటి బందీలు 1864 ఫిబ్రవరిలో వచ్చారు. ఉత్తరాది సైనికుల్ని పట్టుకుని దక్షిణాది వాళ్లు అక్కడ ఉంచారు. ఇటుక గోడలు, గదులు ఏమీ లేవు. పైన్ చెట్ల మొద్దులు చెక్కి, ఒకదాని పక్కన ఒకటి నిలువుగా పాతి, రెండు నిలువులకు పైబడిన ఎత్తున దడి కట్టారు. దడి పైన అక్కడక్కడా మంచెల్లాంటివి కట్టి కాపలావాళ్లను పెట్టారు. లోపల కప్పు లేదు, బందీలు దుప్పట్లు, కర్రలతో వేసుకున్న గుడిసెలే నీడ. పదివేల మందికని కట్టిన చోటు అది. జూన్‌లో పెంచి 26 ఎకరాలు చేశారు. ఆగస్టుకల్లా అందులో 32 వేలకు పైగా మనుషులున్నారు.

దడికి లోపలివైపు, సుమారు 20 అడుగుల ఇవతల, పొట్టి గుంజలు పాతి వాటి తలల మీద సన్నపాటి చెక్కపలకలు కొట్టారు. మోకాటికో నడుముకో తగిలే ఎత్తు. చెయ్యి ఆనిస్తే ఊగేంత బలం. దాన్నే డెడ్‌లైన్ అన్నారు. దాటితే తూటా.

యుద్ధం అయ్యాక ఆ శిబిరాధికారి హెన్రీ విర్జ్‌ను విచారించి 1865 నవంబరు 10న వాషింగ్టన్‌లో ఉరి తీశారు. అతని మీద మోపిన అభియోగాల్లో ఈ గీతను విడిగా వర్ణించారు. నన్ను పూర్తిగా ఆపేసిన ముక్క అందులోదే: చాలాచోట్ల అది కదిలిపోయే పలక అట, ఇంకా చాలాచోట్ల ఊహాగీత మాత్రమేనట. ఆ కిక్కిరిసిన జనంలోకి కొత్తగా వచ్చి పడ్డవాడికి అది ఎక్కడుందో ఎవరు చెప్తారు?

ఇంకో సంగతి. శిబిరం మధ్యలోంచి ఒక వాగు పారేది. బందీల తాగునీరు అదే. ఎగువన కాపలా సైన్యం విడిది, వంటశాల, వాటి మురికంతా అందులోకే. దిగువన వేలమంది అవసరాలూ అందులోనే. కాస్త శుభ్రమైన నీళ్లు కావాలంటే వాగు దడి కిందనుంచి లోపలికి వచ్చే చోటికే పోవాలి, ఆ చోటు గీతకు అవతల. చెంబు పట్టుకుని గీత కిందనుంచి చెయ్యి చాచినవాళ్లు కాల్పుల్లో పోయారు. మొత్తం 14 నెలల్లో 45 వేల మంది ఆ దడి లోపలికి వెళ్లారు, దాదాపు 13 వేల మంది అక్కడే మట్టిలో కలిశారు. ఎక్కువమందిని తీసుకెళ్లింది తూటా కాదు, విరేచనాలు, తాజా కూరలూ పళ్లూ లేక వచ్చే స్కర్వీ జబ్బు. ఉత్తరాదివాళ్ల చేతులూ శుభ్రంగా లేవని చెప్పాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా శిబిరంలో సుమారు 12 వేల మంది దక్షిణాది బందీల్లో మూడు వేలకు దగ్గరగా చనిపోయారు.

ఇక నా దగ్గరున్న మాటలు: మరణరేఖ, చావుగీత, లక్ష్మణరేఖ, గిరి. ‘మరణరేఖ’ అంటే హస్తసాముద్రికం చెప్తున్నట్టుంది. మిగిలిన మూడింటి మీద మీ అభిప్రాయం కావాలి.

కాకినాడ సభ్యురాలు: అక్కా, మా ఆఫీసులో రోజుకు ఇరవైసార్లు ఆ మాట వింటాను, ఇంత చరిత్ర ఉందని తెలీదు. అయితే ఇప్పటి డెడ్‌లైన్ సూటిగా అక్కణ్ణుంచే వచ్చిందా?

నేను: సూటిగా అని గట్టిగా అనలేం చెల్లీ. అంతర్యుద్ధపు శిబిరాల గీత 1864 నాటి రాతల్లోనే కనబడుతుంది. కాలానికి సంబంధించిన అర్థం 20వ శతాబ్దం మొదట్లో అమెరికా పత్రికాఫీసుల్లో స్థిరపడింది. ఈ రెంటి మధ్య అచ్చుయంత్రం గీత ఒకటుంది. యంత్రం పీట మీద ఒక హద్దు ఉంటుంది, అక్షరాలు దాన్ని మించితే కాగితం మీద పడవు. దాన్నీ అదే పేరుతో పిలిచారు. మన ‘గడువు’ దారి వేరు. గడచు, గడుపు, పూట గడవడం, వీటి తోబుట్టువు అది. పుట్టుకతోనే కాలం మాట. అందుకే దాన్ని అడగొచ్చు, ఇవ్వొచ్చు, పొడిగించొచ్చు. ‘వాయిదా’ అయితే మాటివ్వడం అనే అర్థమున్న అరబీ పదం నుంచి వచ్చింది. మన రెండు మాటల్లోనూ ఎదుటి మనిషితో మాట్లాడుకునే వీలుంది. చెక్కపలకతో ఏం మాట్లాడతాం?

తెనాలి మాష్టారు (విశ్రాంత తెలుగు పండితులు): అమ్మా, నా ఓటు ‘గిరి’కి. గిరి గీసి కూర్చోబెట్టడం, గిరి దాటకపోవడం మన జాతీయాలు. ఇది ఉత్త పలుకుబడి అనుకోవద్దు. 13వ శతాబ్దం చివర మన తూర్పు తీరానికొచ్చిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ ఆచారం గురించి రాశాడు. అప్పు తీర్చకుండా తిప్పుతున్నవాడి చుట్టూ అప్పిచ్చినవాడు గీత గీస్తాడు. బాకీ తీర్చేదాకా, లేదా తగిన పూచీ ఇచ్చేదాకా వాడు అందులోంచి కదలకూడదు. ఒకసారి రాజు గుర్రం మీద పోతుంటే పరదేశి వర్తకుడొకడు గుర్రంతో సహా గీత గీశాడట, రాజు అక్కడే ఆగి బాకీ తీర్పించాడట. అది మాబార్, అంటే తమిళ తీరం ముచ్చట. అయితే అదే మనిషి మన తెలుగు తీరంలోని పాత రేవు మోటుపల్లి గురించీ రాశాడు. నేలమీది గీతే చెరసాల కావడం మనకు కొత్త కాదు. గీత దాటితే మరణదండన అని కూడా ఆయన రాశాడు. నీకు కావలసిన చావు కూడా అందులోనే ఉంది.

నేను: మాష్టారూ, మరణదండన సంగతి నాకు తెలీదు. ఇది చదివి గంటసేపు ‘గిరి’ దగ్గరే ఉండిపోయాను, మాటగా ఎంత అందంగా ఉందో! కానీ ఒక తేడా ఉంది కదండీ. గిరిలో నిలబడ్డవాడికి బయటికొచ్చే దారి ఉంది, బాకీ తీర్చడమో పూచీ ఇవ్వడమో. ఆండర్సన్‌విల్ బందీ ఏం తీర్చాలి? మొదట్లో రెండు పక్షాలూ బందీల్ని మార్చుకునేవి, 1862లో దానికో ఒప్పందం కూడా చేసుకున్నాయి. ఉత్తరాది సైన్యంలోని నల్లజాతి సైనికుల్ని మిగతా సైనికులతో సమానంగా యుద్ధబందీలుగా చూడబోమని దక్షిణాది భీష్మించింది. మార్పిడి ఆగిపోయింది. వేలమంది అలా ఉన్నచోటే ఉండిపోయారు. వాళ్లు చేయగలిగిందేమీ లేదు. పైగా గిరి అనగానే ఇప్పటి పిల్లలకు తనకు తాను గిరి గీసుకుని కూర్చున్న మనిషే గుర్తొస్తాడు.

‘లక్ష్మణరేఖ’ కూడా ఇందుకే వదిలేస్తున్నాను. వాల్మీకంలో లేకపోయినా మన జనం గుండెల్లో ఉన్న గీత అది. లోపలున్న మనిషిని కాపాడటానికి, ప్రేమగలవాడు గీసినది. దాన్ని తెచ్చి ఈ దడి పక్కన పెట్టడానికి నాకు చేతులు రావడం లేదు.

హైదరాబాద్ పత్రికా మిత్రుడు: మేడం, డెడ్‌లైన్ సంగతి అలా ఉంచండి. మీరు మొదటినుంచీ ‘యుద్ధబందీ’ అంటున్నారు. మా డెస్కులో 1971 భారత్-పాక్ యుద్ధం గురించి రాసినా, రెండో ప్రపంచయుద్ధం గురించి రాసినా ‘యుద్ధఖైదీ’ అనే వెళ్తుంది. పాఠకులకు అలవాటైన మాట. మార్చాల్సిన అవసరం ఏముంది?

నేను: అలవాటైన మాటే, ఒప్పుకుంటాను. నా అభ్యంతరం ఒక్కటే అన్నా. ఈ రోజు తెలుగులో ఖైదీ అంటే నేరం చేసి శిక్ష పడినవాడు. నంబరు చొక్కా, ఊచలు, జైలు కళ్లముందుకొస్తాయి. యుద్ధంలో పట్టుబడ్డ సైనికుడు నేరస్థుడు కాడు. ఆండర్సన్‌విల్ మొదలవడానికి ముందే, 1863లో, ఉత్తరాది పక్షాన ఉన్న లింకన్ ప్రభుత్వం తన సైన్యానికిచ్చిన నియమావళిలోనే ఈ మాట ఉంది: శత్రుపక్షాన పోరాడినందుకు యుద్ధబందీని శిక్షించకూడదు. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం ఇంకా వివరంగా చెప్పింది. వాళ్ల మేలు కోరి తప్ప, వాళ్లను నేరస్థుల జైళ్లలో పెట్టకూడదు. తప్పించుకోబోయి దొరికితే క్రమశిక్షణ చర్యే, అదీ 30 రోజులు మించకూడదు. తప్పించుకుని తన సైన్యంలో కలిసిపోయినవాడు మళ్లీ ఎప్పుడైనా పట్టుబడితే పాత పరారీకి శిక్షే లేదు. పారిపోతున్నవాడి మీద కాల్పులు ఆఖరి మార్గం, అంతకు ముందు హెచ్చరించి తీరాలి. జైలు గోడ దూకిన ఖైదీకి ఇవేవీ వర్తించవు. రెండు వేర్వేరు స్థితులకు ఒకే మాట వాడితే పాఠకుడి మనసులో సైనికుడి మీద నేరస్థుడి నీడ పడుతుంది. ‘బందీ’లో ఆ నీడ లేదు.

తెనాలి మాష్టారు: ఖైదుకు అరబీలో మొదటి అర్థం సంకెల, కట్టు. అక్కడ నేరం ప్రసక్తి లేదు, మనమే చేర్చుకున్నాం. అయినా అమ్మాయి చెప్పింది వాడుక గురించి గనక ఒప్పుకుంటాను. అచ్చతెనుగు మాట కావాలంటే ‘చెఱ’ ఉంది, బండి ఱతో. తమిళంలో సిఱై, కన్నడంలో సెఱె దీని చుట్టాలే. యుద్ధంలో శత్రువును పట్టి తేవడమే చెఱపట్టడం.

నేను: అదే బాధ మాష్టారూ. ఇప్పుడు పేపర్లో ‘చెరపట్టాడు’ అని చూస్తే పాఠకుడి ఆలోచన ఆడపిల్లల మీద అఘాయిత్యం వైపే పోతుంది. యుద్ధపు అర్థం పాత పద్యాల్లో మిగిలిపోయింది. ‘చెరలో ఉన్న సైనికులు’ అని మాత్రం రెండుచోట్ల వాడుకున్నాను, అక్కడ చక్కగా అమరింది.

అట్లాంటా సభ్యుడు: మా ఇంటికి రెండున్నర గంటల దారి. పోయిన వేసవిలో పిల్లల్ని తీసుకుని వెళ్లాం. లోపల ఇప్పుడు ఉత్త పచ్చిక. పార్కు వాళ్లు రెండు వరసలుగా తెల్లకర్రలు పాతారు. బయటి వరస దడి ఉన్న జాడ, లోపలి వరస మీ గీత జాడ. మా అబ్బాయి ఆ రెంటి మధ్య పరిగెడుతుంటే మా ఆవిడ ఊరికే పిలిచేసింది, ఇవతలికి రారా అని. గీత పక్కనే ఒక ఊట ఉంది. 1864 ఆగస్టులో పెద్ద వాన తర్వాత పుట్టిందట. దైవమే ఇచ్చిందని బందీలు దానికి ప్రావిడెన్స్ స్ప్రింగ్ అని పేరు పెట్టుకున్నారు. గీతకు అవతల పుట్టిందని, కర్ర చివర గిన్నె కట్టి నీళ్లు అందుకునేవాళ్లమని బతికి బయటపడ్డవాళ్లు చెప్పుకున్నారు. శ్మశానంలో రాళ్లు ఒకదానికొకటి ఆనుకున్నట్టు ఉన్నాయి, మనుషుల్ని భుజం భుజం కలిపి పూడ్చారు గనక.

నేను: తమ్ముడూ, ఆ పిలుపు గురించి రాసినందుకు ఎంతో సంతోషం. ఆ రాళ్ల మీద పేర్లు ఉండటానికి కారణం డోరెన్స్ అట్‌వాటర్ అనే కుర్ర బందీ. మరణాల పద్దు రాసే పని అతనికిచ్చారు. అతను రహస్యంగా ఇంకో ప్రతి రాసుకుని బయటికి తెచ్చాడు. 1865 వేసవిలో యుద్ధంలో గాయపడ్డ సైనికులకు సేవచేసిన క్లారా బార్టన్‌తో కలిసి వచ్చి ఆ పద్దు చూసి సమాధులకు పేర్లు పెట్టించారు. పేరు తెలియనివి 460 దాకానే మిగిలాయి. దీనికి ‘చిట్టా’ అనాలా, ‘పద్దు’ అనాలా అని కూడా తర్జనభర్జన పడ్డాను. ‘చావుల పద్దు’ అని ఉంచాను.

కాకినాడ సభ్యురాలు: అంటే ‘చావుగీత’ ఖాయమన్నమాట! పిల్లల పత్రికకు కాస్త కరుకు కాదూ?

నేను: కరుకే. కానీ ఆ మాట చూడగానే పన్నెండేళ్ల పిల్లకు అది గీత అనీ, దాటితే చావు అనీ రెండూ తెలిసిపోతాయి. కింద వివరణ పెట్టక్కర్లేదు. ఇదిగో, విర్జ్ మీది అభియోగం ఆధారంగా చివరికి రాసుకున్న వాక్యాలు:

“దడికి ఇరవై అడుగుల ఇవతల చావుగీత ఉండేది. చాలాచోట్ల గుంజల మీద ఊగే పలక, ఇంకా చాలాచోట్ల అదీ లేదు. దాన్ని తాకినా, దానిమీద తూలిపడినా, పైనుంచి దాటినా, కిందనుంచి దూరినా కాల్చెయ్యమని కాపలావాళ్లకు ఉత్తర్వు.”

తెనాలి మాష్టారు: వాక్యం బాగుంది. ఒక్క సందేహం. చాలాచోట్ల అదీ లేదన్నావు, వెంటనే ‘దాన్ని తాకినా’ అన్నావు. లేనిదాన్ని తాకడం ఎలాగమ్మా? పొసగదు, చూసుకో.

నేను: అభియోగపత్రంలోనూ అలాగే ఉంది మాష్టారూ. ఊహాగీత అంటూనే, తాకితే కాల్చమన్నాడని ఉంది. అలాగే ఉంచేస్తున్నాను.