మేడ మీద బెండకాయలు ఎక్కువైపోయాయి, ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

ప్రశ్న (మధురవాడ నుంచి):
కుండీల్లో వేసిన బెండ మొక్కలన్నీ ఒక్కసారే కాపుకొచ్చాయండి, రోజు విడిచి రోజు అరకిలో దిగుతున్నాయి. ఇంట్లో ఉండేది ఇద్దరమే. వేపుడు, పులుసు, మళ్లీ వేపుడు, మా ఆయన కంచం చూసి నిట్టూరుస్తున్నారు. పోయినసారి ముక్కలు కోసి కవర్లో పడేస్తే ముద్దలా గడ్డకట్టి, కరిగాక ఒకటే జిగురు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు 1:
కోయడమే తప్పండి. లేత కాయలు తీసుకుని, లోపలి గింజలు బయటపడకుండా తొడిమ పైపైన తీసి, మరుగుతున్న నీళ్లలో చిన్నవైతే 3 నిమిషాలు, పెద్దవైతే 4 నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో వేయాలి. ఇది మానేస్తే కాయలోని ఎంజైములు ఫ్రీజర్‌లోనూ మెల్లగా పనిచేసి రంగు, రుచి చెడగొడతాయి. తర్వాత బట్ట మీద ఆరబెట్టండి, మన వైజాగ్ ఉక్కకి ఫ్యాన్ కింద పెడితే గానీ ఆరవు. పళ్లెంలో విడివిడిగా పరిచి గడ్డకట్టాకే కవర్లోకి, గాలి మొత్తం నొక్కేసి.

జవాబు 2:
పులుసుకీ సాంబారుకీ ఓకే, కరగనివ్వకుండా నేరుగా వేసేయండి. వేపుడికి మాత్రం ఆశ పెట్టుకోకండి, మెత్తబడిపోతాయి. వేపుడు కావాలంటే ముక్కల్ని ముందే కొంచెం నూనెలో జిగురు పోయేదాకా వేయించి, చల్లారాక ఫ్రీజ్ చేస్తాను నేను. ఎండ బాగుంటే వరుగులు పెట్టుకోవడమే సుఖం, కరెంటు పోయినా టెన్షన్ ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
వరుగులా! వానలు తగ్గాక చూస్తానండి. ఈ ఆదివారం కోసినవి పళ్లెంలోకే.