1969 కమారో ఎస్‌ఎస్ ప్రకటన చూశాను, నమ్మవచ్చా?

శేషు_డాలస్
చాలాకాలంగా షెవ్రొలే వారి పాత స్పోర్ట్స్ కారు 1969 కమారో కోసం వెతుకుతున్నాను. ఒహాయోలో ఒకటి అమ్మకానికి పెట్టారు. ‘అసలైన ఎస్‌ఎస్ 396, నంబర్స్ మ్యాచింగ్, తిరిగింది 42,000 మైళ్లే’ అని ప్రకటన (ఎస్‌ఎస్ అంటే ఎక్కువ శక్తి గల రకం, 396 అంటే ఘనపు అంగుళాల్లో ఇంజిన్ పరిమాణం, నంబర్స్ మ్యాచింగ్ అంటే కర్మాగారంలో పెట్టిన ఇంజినే ఇప్పటికీ ఉందని). విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) 124379ఎన్‌తో మొదలవుతోంది. ఫొటోలన్నీ బయటి నుంచి తీసినవే, ఎర్ర రంగు ధగధగలాడుతోంది. ధర మాత్రం అలాంటి బండ్లకు మిగతావాళ్లు అడుగుతున్న దానికంటే బాగా తక్కువ. విమానం టికెట్ కొనేముందు ఏమేమి అడగాలో తెలిసినవారు చెప్పండి.

మిషిగన్_మూర్తి
శేషు గారూ, ఆ నంబరు ఎక్కడా ఎస్‌ఎస్ అని చెప్పడం లేదు. 1 అంటే షెవ్రొలే. 24 అంటే వి8 (ఎనిమిది సిలిండర్ల) కమారో. 37 అంటే రెండు తలుపుల కూపే. 9 అంటే 1969, ఎన్ అంటే నార్‌వుడ్ కర్మాగారం. అంతవరకే. 327 ఇంజిన్‌తో వచ్చిన సాదా బండికీ, 396తో వచ్చిన ఎస్‌ఎస్‌కూ ముందు అంకెలు ఒకటే. ఎస్‌ఎస్ అనేది ఆ ఏడాది ఒక ఆప్షన్ ప్యాకేజీ. గ్రిల్లు, బ్యాడ్జీలు, చారలు ఈరోజుకీ కొత్తవి అమ్ముతున్నారు. ఒక శనివారం తీరిక ఉంటే ఎవరైనా బిగించుకోవచ్చు.

ఇంజిన్ బ్లాకు మీది ముద్ర ఫొటో అడగండి. ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్ ముందు చిన్న చదునైన చోటు ఉంటుంది, అక్కడ కొట్టి ఉంటుంది. 396 అయితే మొదటి అక్షరం టీ, అంటే టోనవాండా కర్మాగారం. తరువాత నాలుగు అంకెలు నెల, తేదీ, ఆపైన ఇంజిన్ రకం తెలిపే రెండక్షరాలు. వీ అని ఉంటే అది ఫ్లింట్‌లో కూర్చిన చిన్న ఇంజిన్, 396 కాదు, ఇక మాట్లాడవలసింది లేదు. ఆ ముద్రతో పాటు 19ఎన్‌తో మొదలై బండి వరుస సంఖ్య కూడా ఉండాలి. అది విన్‌తో కలిస్తేనే నంబర్స్ మ్యాచింగ్ అన్న మాటకు విలువ.

గుంటూరు_టు_గ్యారేజ్
మూర్తి గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ముద్ర ఉన్నంత మాత్రాన అది అసలుది కాదు, మళ్లీ కొట్టేవాళ్లు ఉన్నారు. కర్మాగారంలో ఆ చోటును కోసినప్పుడు ఒకే దిశలో సన్నని గీతలు పడతాయి. నున్నగా సానబెట్టినట్టు ఉన్నా, గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దినట్టు ఉన్నా అనుమానించండి.

కాగితాలు ఉన్నాయా? అప్పట్లో వారంటీ పుస్తకంలో ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అని చిన్న లోహపు పలక ఉండేది, ఇంజిన్ కోడ్ అందులో ఉంటుంది. (దానికీ నకళ్లు ఉన్నాయి, ఏం చెప్పమంటారు!) బండి కెనడాలో అమ్ముడైనదైతే జీఎం కెనడా దగ్గర రికార్డులు దొరుకుతాయి. అమెరికాలో అమ్మిన షెవ్రొలేకు ఆ వెసులుబాటు లేదు.

చార్జర్_చంద్రం
అందుకే నేను షెవ్రొలేల జోలికి పోను. డాడ్జ్ వాడు విషయం విన్‌లోనే రాసి పెట్టాడు. 1969 చార్జర్ ఆర్/టీ (అందులో శక్తివంతమైన రకం) అయితే ఎక్స్‌ఎస్29. ఎక్స్‌పీ29 అని ఉంటే మామూలు చార్జర్. అయిదో అక్షరం ఇంజిన్: ఎల్ అంటే 440 మాగ్నమ్, జే అంటే 426 హెమీ. ఎక్స్‌పీ29 బండికి ఆర్/టీ బ్యాడ్జీలు పెట్టి, ప్రకటనలో విన్ నంబరే రాయని వాళ్లను చాలామందిని చూశాను. అడిగితే ‘మోసగాళ్లు వాడుకుంటారని ఇవ్వడం లేదు’ అంటారు. అరవై ఏళ్లుగా అద్దంలోంచి అందరికీ కనబడుతున్న నంబరుకు ఇప్పుడు గోప్యత ఏమిటో!

మస్టాంగ్_మాధవి
అరవై ఏళ్లు కాదు చంద్రం గారూ, విన్ ముందు అద్దంలోంచి కనబడేలా పెట్టడం 1968 మోడల్ బండ్లతో మొదలైంది. ఫోర్డ్ మస్టాంగ్‌లలో డ్రైవరు వైపు ఫెండర్ లోపలి అంచు మీద కూడా కొట్టి ఉంటుంది, అది చూపించమనండి.

1965, 66 మస్టాంగ్‌లలో జీటీ అన్నది విన్‌లో ఉండదు, కానీ అయిదో అక్షరం దొంగను పట్టిస్తుంది. జీటీ ప్యాకేజీ నాలుగు బ్యారెళ్ల (కార్బురేటర్ గొట్టాల) 289 ఇంజిన్‌తోనే ఇచ్చారు, కనుక ఏ లేదా కే ఉండాలి. సీ ఉంటే రెండు బ్యారెళ్లది, టీ ఉంటే ఆరు సిలిండర్లది. టీ కోడ్ బండికి పొగ దీపాలు, చారలు పెట్టి జీటీ అని అమ్మే ప్రకటనలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. 1967 నుంచి వచ్చిన ఫోర్డులకు మార్టీ రిపోర్టు తెప్పించుకోండి, ఏ రంగుతో, ఏ ఇంజిన్‌తో తయారైందో కంపెనీ రికార్డు ప్రకారం వస్తుంది. ‘రిపోర్టు ఎందుకండీ, బండే మాట్లాడుతుంది’ అన్న ఆయనతో నేను ఇక మాట్లాడలేదు.

పాత_జీటీవో
పాంటియాక్ వాళ్ల కోసం: 1966 నుంచి 71 దాకా అసలు జీటీవో (వాళ్ల శక్తివంతమైన మోడల్) విన్ 242తో మొదలవుతుంది. 1964, 65లో అది లెమాన్స్ అనే మోడల్ మీద ఆప్షన్ కాబట్టి విన్ చూసి తేల్చలేం. పీహెచ్‌ఎస్ (పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్) వాళ్లు కంపెనీ ఇన్‌వాయిస్ నకలు పంపుతారు, అందులో ఉంటుంది.

అట్లాంటా_అప్పారావు
అందరూ ఏదో నేరం జరిగినట్టు మాట్లాడుతున్నారు. నాది షెవ్రొలే వారి షెవెల్, పుట్టుకతో మామూలు మాలిబూ, ఎస్‌ఎస్ కాదు. ఇప్పుడు 454 ఇంజిన్, ఎస్‌ఎస్ బానెట్. అమ్మినాయన ట్రిబ్యూట్ (అసలుదానిలా తయారుచేసిన బండి) అనే రాశాడు, ధర కూడా దానికి తగ్గట్టే తీసుకున్నాడు. నడపడానికి కొనుక్కునేవాడికి ఈ ముద్రల గోల ఎందుకు?

మిషిగన్_మూర్తి
అప్పారావు గారూ, మీ బండితో ఎవరికీ పేచీ లేదు. అదే బండిని అసలుదని రాసి అసలుదాని ధర అడిగితేనే పేచీ. తిరిగి అమ్మేటప్పుడు, ఇన్సూరెన్సుకు విలువ కట్టించేటప్పుడు ఆ తేడా మీ జేబులోంచే పోతుంది.

తుప్పు_తాతయ్య
కాగితాల దగ్గరే ఆగిపోయారు, రేకు సంగతి? ఫొటోలో మెరిసే ఎర్ర రంగు చూసి మురిసిపోవద్దు శేషూ. అడుగు భాగం, డిక్కీ నేల, డిక్కీ రబ్బరు కింద అంచు, వెనుక అద్దం కింది మూలలు ఫొటోలు అడుగు. ‘పూర్తిగా విప్పి బాగుచేశాం’ అని రాసి కింద నుంచి ఒక్క ఫొటో లేకపోతే అది ప్రకటన కాదు, కవిత్వం.

వెళ్లినప్పుడు చిన్న అయస్కాంతాన్ని జేబురుమాలులో చుట్టి తీసుకెళ్లు. వెనుక చక్రం వెనక, కింది వైపు నెమ్మదిగా జరుపు. ఒకచోట నేనూ అలాగే జరిపాను. పైన గట్టిగా అతుక్కుంది, అరచేతి వెడల్పు కిందికి రాగానే టప్పున నేలమీద పడింది. అక్కడ రేకు లేదు, వేలి మందాన పుట్టీ. యజమాని ‘అయస్కాంతం వీక్ అయిందేమో’ అన్నాడు.

42,000 మైళ్లంటే, ఆ కాలపు మీటరులో మైళ్లకు అయిదు అంకెలే. 1,42,000 తిరిగినా 42,000 అనే చూపిస్తుంది. అంత పాత బండ్లు అమ్మేటప్పుడు మైళ్లు ధ్రువీకరించాలన్న ఫెడరల్ నిబంధన కూడా వర్తించదు. బ్రేక్ పెడల్ రబ్బరు అరిగిందా, డ్రైవరు తలుపు తెరిస్తే కిందికి జారుతోందా చూడు.

న్యూజెర్సీ_నాని
బండి అసలు ఉందో లేదో ముందు తేల్చుకోండి. ఫొటోలను ఇంటర్నెట్‌లో బొమ్మతో వెతకండి, పాత వేలం పేజీలో అవే కనిపించవచ్చు. ఒహాయోలో 2020 జులై నుంచి ముందు నంబరు ప్లేటు అక్కర్లేదు, కనుక ఫొటోలో ముందు ప్లేటు ఉంటే అది ఎప్పుడు తీసిందో అడగండి. ఈరోజు తేదీ రాసిన కాగితం బానెట్ మీద పెట్టి వీడియో తీయమనండి. 1981కి ముందు బండ్లకు 17 అంకెల విన్ లేదు, మామూలు వాహన చరిత్ర రిపోర్టులు వాటికి పనిచేయవు. ‘క్లీన్ రిపోర్టు ఉంది’ అని 1969 బండి గురించి రాస్తే నవ్వుకొని వదిలేయండి. ఆయన పంపిన లింకులోని ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) డబ్బు వేయకండి. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద పేరు, ఎదురుగా నిలబడ్డ మనిషి గుర్తింపు కార్డు మీద పేరు ఒకటేనా చూసి, బ్యాంకులోనే ఇవ్వండి.

శేషు_డాలస్
అందరికీ ధన్యవాదాలు. బ్లాకు ముద్ర ఫొటో అడిగాను. ఆల్టర్నేటర్ అడ్డుగా ఉంది, తీయడం కుదరదు అంటున్నారు. నిజమేనా?

మిషిగన్_మూర్తి
అడ్డుగా ఉండే మాట నిజమే. 1969లో ఆల్టర్నేటర్‌ను ప్రయాణికుడి వైపుకు మార్చారు. కుదరదు అనడం మాత్రం సాకు. ఇంజిన్ చల్లారాక ఆ చోట జిడ్డు తుడిచి, టార్చి వెలుగులో ఫోను లోపలికి దూర్చితే ఫొటో వస్తుంది. అప్పటికీ ఇవ్వకపోతే అక్కడి దగ్గరలో పాత షెవ్రొలేలు చూసే తనిఖీ మెకానిక్‌ను పంపండి, విమానం టికెట్ కంటే తక్కువలో అయిపోతుంది. ఫొటో వచ్చాక ఇక్కడ పెట్టండి, వరుస సంఖ్యలో చివరి మూడు అంకెలు చెరిపేసి.