‘నార్ ఎనీ డ్రాప్ టు డ్రింక్’: ఆ ‘కానీ’ ఎక్కడిది?

ప్రశ్న

ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ ‘ఏన్షెంట్ మారినర్’ కావ్యంలోని ‘వాటర్, వాటర్, ఎవ్రీ వేర్’ పద్యాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ‘చుట్టూ నీళ్ళే, కానీ తాగడానికి చుక్క లేదు’ అంటుంటారు. మూలంలో ఆ ‘కానీ’ ఉందా? దీన్ని మాత్రల్లో కూర్చాలంటే ముత్యాల సరం కుదురుతుందా?

జవాబు

లేదండి. నోటివాడుకలో ‘బట్ నాట్ ఎ డ్రాప్’ అయిపోయింది గానీ అచ్చులో ఎప్పుడూ అలా లేదు. ఈ కావ్యం ఉన్న కవితా సంపుటి ‘లిరికల్ బాలడ్స్’ తొలి ముద్రణ 1798లో కవుల పేర్లు లేకుండా వచ్చింది. అందులో చుక్క లేదనే ఈ పాదం ‘నె ఎనీ డ్రాప్ టు డ్రింక్’. ఆ ‘నె’ అప్పటికే వాడుకలోంచి పోయిన పాత వ్యతిరేకార్థక పదం. కావ్యానికి పాతకాలపు వాసన రావాలని కోల్‌రిడ్జ్ కావాలనే పెట్టాడు. 1800 ముద్రణలో పాత స్పెల్లింగులను చాలావరకు తీసేసినప్పుడు అది ‘నార్’ అయింది.

‘నార్’ పని విరోధం చెప్పడం కాదు, ముందు మాటకు ఇంకో లేమిని చేర్చడం. నీళ్ళున్నాయి, ఓడ చెక్కలు కుంచించుకుపోయాయి, నీళ్ళున్నాయి, చుక్కా లేదు: నాలుగు సంగతులూ పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు. వాటి మధ్య ఉన్న వైరుధ్యం మన చెవికి తగలాలి. ‘కానీ’ అనేస్తే ఆ పని మనమే చేసిపెట్టినట్టు, పద్యం కాస్తా వచనమైపోతుంది.

రెండో పాదాన్ని, అంటే ఓడ చెక్కల సంగతిని, అందరూ వదిలేస్తారు, నా దృష్టిలో అసలు బలం దానిదే. ఓడలో నీటిలో మునిగి ఉండే చెక్కలు నాని ఉబ్బుతాయి. పైభాగం చెక్కలకు ఎండే తప్ప తడి తగలదు, ఎండి సన్నబడి మధ్యలో సందులు పడతాయి. సముద్రం నడుమ ఉన్న ఓడకు కూడా దాహమే.

ఇంకొకటి. ఈ పద్యం పక్కన ‘ఆల్బట్రాస్ (కావ్యంలో నావికుడు చంపిన సముద్రపక్షి) పగ తీరడం మొదలైంది’ అనే అర్థం వచ్చే అంచు వ్యాఖ్య కనిపిస్తుంది. అది 1817లో చేర్చింది. 1798 పాఠకుడికి ఆ ఊతం లేదు.

ఛందస్సు గురించి

ముత్యాల సరం కుదరదండి. గురజాడ నడకలో పాదానికి 14 మాత్రలు (పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగు అక్షరానికి రెండు), 3+4, 3+4. మొదటి మూడు పాదాలూ సమానం, నాలుగోది మాత్రమే పొట్టిది కావచ్చు. ఇంగ్లీషు బాలడ్‌లో రెండోదీ నాలుగోదీ పొట్టివి: ఊనికలు (నొక్కి పలికే చోట్లు) 4, 3, 4, 3. మనకు ఊనిక లేదు కాబట్టి ఒక్కో ఊనికకు నాలుగు మాత్రల గణం ఒకటి ఇస్తే 16, 12, 16, 12 వస్తుంది:

నీళ్ళే నీళ్ళెటు చూసిన నీళ్ళే
ఎండకు పలకలు చిక్కెను
నీళ్ళే నీళ్ళెటు చూసిన నీళ్ళే
గొంతుకు చుక్కా దక్కదు

మొదటి పాదం గణాలు: నీళ్ళే | నీళ్ళెటు | చూసిన | నీళ్ళే. ‘నీళ్ళు నీళ్ళు’ అని మొదలుపెడితే దాహంతో అరిచినట్టుంటుంది, ‘నీళ్ళే నీళ్ళు’ అంటేనే పరుచుకున్న నీరు కనిపిస్తుంది. ‘తాగను చుక్కా దక్కదు’ అన్నా మాత్రలు సరిపోతాయి గానీ, ‘తాగను’ అనగానే ‘నేను తాగను’ అని వినబడుతుంది. అందుకే ‘గొంతుకు’. 1798 పాఠానికి అనువదించాలంటే ‘చుక్కయు’ అనండి. అదీ 4 మాత్రలే, పాతదనమూ వస్తుంది.

‘పలకలు’ మీద ఒక మాట

పాఠకుడిగా చెబుతున్నా, మీ అనువాదం చాలా బాగుంది. ఒక్కటే అభ్యంతరం: ‘పలక’ అంటే ముందు బడి పలకే గుర్తొస్తుంది. ‘చెక్కలు’ కూడా 4 మాత్రలే కదా. ‘ఎండకు చెక్కలు చిక్కెను’ అంటే కింద ‘చుక్కా దక్కదు’తో క్కకారం జత కలుస్తుంది. మూలంలో ‘ష్రింక్’, ‘డ్రింక్’ ప్రాసకు ఇది దగ్గర. ‘చిక్కెను’ను ‘పట్టుబడెను’ అని చదివే ప్రమాదం ఉంది, నిజమే. కచ్చితమైన మాట ‘కుంచించుకుపోయెను’. అదొక్కటే 10 మాత్రలు తినేస్తుంది, మిగిలిన రెండింట్లో ఓడ చెక్కలు పట్టవు.

‘ఎండకు’ మూలంలోని ఈ పద్యంలో లేదనే ఆక్షేపణ వస్తే భయపడనక్కర్లేదు. కాస్త ముందే రాగి రంగు ఆకాశం, ఓడ తెరచాప కొయ్య నెత్తిన నిలబడ్డ మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఉన్నాయి.

జవాబు

‘చెక్కలు’ ఖాయం చేద్దాం. చదివేటప్పుడు మాత్రం పొట్టి పాదం కాగానే తర్వాతి పాదంలోకి ఉరకకండి. 12 మాత్రల తర్వాత ఇంకో 4 మాత్రలు నోరు మూసుకుని చేత్తో తాళం వేయండి. ‘చిక్కెను’ తర్వాత ఆ ఖాళీ లేకపోతే మళ్ళీ వచ్చే ‘నీళ్ళే నీళ్ళెటు’ ఉత్త పునరుక్తిలా వినబడుతుంది.