గృహరుణానికి మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు అడిగారు, పోర్టల్ ఖాతా వేరొకరి ఫోన్ నంబరుతో ఉంది

ప్రశ్న (కె.ఆర్. పురం, బెంగళూరు)

నమస్కారం. నేను 2023 మార్చి వరకు ఒక సంస్థలో జీతానికి పనిచేసి, ఆ తరువాత సొంతంగా ఇంటీరియర్ డెకరేషన్ పనులు చేసుకుంటున్నాను. ఫ్లాట్ కోసం రుణానికి దరఖాస్తు పెట్టి, నా దగ్గరున్న మూడు సంవత్సరాల అక్‌నాలెడ్జ్‌మెంట్ కాగితాలు (రిటర్ను అందిందనే రసీదులు) ఇస్తే, ఒక్కో పేజీ కాగితాలతో ఆదాయం తేలదని, పూర్తి రిటర్నులు, ఆదాయం, పన్ను లెక్క వేసిన కాగితం (కంప్యుటేషన్), జీతం ఉన్న ఏడాదికి జీతం, కోసిన పన్ను వివరాలతో యజమాని ఇచ్చే ఫారం 16 తెమ్మని బ్యాంకువారు వెనక్కి ఇచ్చారు. రిటర్నులు వేసిపెట్టినాయన ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో తన ఫోన్ నంబరు, తన మెయిలే ఇచ్చుకున్నారు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. పాత సంస్థ మూతపడింది. అడ్వాన్సుగా కట్టింది మా నాన్నగారి పదవీ విరమణ డబ్బు కాబట్టి నాకు నిద్ర పట్టడం లేదు. దారి తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం (మారతహళ్లి)

అమ్మా, ఆ పెద్దమనిషి కోసం ఎదురుచూడవలసిన అవసరం లేదు. మీ ఆధార్‌కు మీ ఫోన్ నంబరు జతై, పాన్‌తో ఆధార్ అనుసంధానమై ఉంటే, పోర్టల్‌లో పాస్‌వర్డ్ మరచిపోయాను అన్నచోట ఆధార్ ఓటీపీ ఎంచుకుని కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. లోపలికి వెళ్లగానే ముందు ప్రొఫైల్‌లో ఫోను, మెయిలు మీవిగా మార్చండి. బెంగళూరులోనే ఉన్న సీపీసీ (రిటర్నులను పరిశీలించే ఆదాయపు పన్ను శాఖ కేంద్రం) నుంచి వచ్చే ఇంటిమేషన్లు (పరిశీలన ఫలితం తెలిపే లేఖలు) ఇన్నాళ్లూ ఆయన మెయిల్‌కే వెళ్లి ఉంటాయి. సీపీసీ ఈ ఊళ్లోనే ఉంది కదా అని అక్కడికి వెళ్లి అడగవలసిన పని లేదు, అన్నీ పోర్టల్‌లోనే దొరుకుతాయి. దాఖలు చేసిన రిటర్నుల పేజీలో ప్రతి ఏడాదికీ రిటర్ను పూర్తి ప్రతి, రసీదు, 143(1) సెక్షన్ కింద వచ్చిన ఇంటిమేషన్ దించుకోండి. ఇంటిమేషన్ ఫైలు పాస్‌వర్డ్ అడిగితే, పాన్‌ను చిన్న అక్షరాలలో కొట్టి, దాని వెంటనే పుట్టిన తేదీని ఎనిమిది అంకెలుగా చేర్చండి. ఒక్క ఖాళీ కూడా ఉండకూడదు.

ఏడాది విషయంలో మాత్రం జాగ్రత్త. 2022-23లో సంపాదించినది 2023-24 మదింపు సంవత్సరం కింద కనిపిస్తుంది. ఇది గమనించక నేను ఒక ఏడాది తప్పు కాగితం ఇచ్చి రెండు వారాలు పోగొట్టుకున్నాను.

ఫారం 16ను ఉద్యోగి తనంతట తాను తీసుకోలేరు, యజమానే ఇవ్వాలి. అందుచేత ఆ ఏడాదికి 26ఏఎస్ (మీ పేర కోసిన పన్నుల పట్టిక), ఏఐఎస్ (మీ ఆదాయ, లావాదేవీల వివరాల పట్టిక), జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంటు, దొరికినన్ని పేస్లిప్‌లు కలిపి, సంస్థ మూతపడిందని రాసిన లేఖతో ఇవ్వండి.

సమాధానం (రుణ దరఖాస్తులు పరిశీలించే ఉద్యోగంలో ఉన్నాను)

పై సలహా సరైనది. బ్యాంకు వైపు నుంచి ఒక మాట చేరుస్తాను. మీరు 44ఏడీఏ సెక్షన్ (వృత్తి చేసుకునేవారు వచ్చిన సొమ్ములో ఒక వంతును లాభంగా చూపే పద్ధతి) కింద ఐటీఆర్ 4 ఫారంలో రిటర్ను వేసి ఉంటే, వచ్చిన సొమ్ములో కనీసం సగాన్ని లాభంగా చూపి ఉంటారు. రుణార్హత సాధారణంగా ఆ లాభం మీదనే లెక్కిస్తాము కనుక, ఏడాదికి 24 లక్షలు వచ్చి, 12 లక్షలు లాభంగా చూపినవారు 24 లక్షల మీద రుణం ఆశిస్తే నిరాశ తప్పదు. 26ఏఎస్‌లో క్లయింట్లు చూపిన చెల్లింపులు, రిటర్నులోని మొత్తం, ఖాతాలో పడిన జమలు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాము. తేడా ఉంటే మేము అడగకముందే మీ ఆడిటర్ గారి చేత వివరణ రాయించండి. ఆయన ఇచ్చే సర్టిఫికెట్‌పై అంకెలు, అక్షరాలు కలిపి 18 ఉండే యూడీఐఎన్ (ఆ సర్టిఫికెట్ అసలుదని సరిచూసుకునే సంఖ్య) ఉండాలి.

అడిగినవారు

పాస్‌వర్డ్ మారింది, మీకు ఎంతో రుణపడి ఉన్నాను. కానీ 2024-25 మదింపు సంవత్సరం రిటర్నుకు ఎదురుగా ఈ-వెరిఫికేషన్ పెండింగ్ అని ఉంది. అంటే నేను ఆ ఏడాది రిటర్ను వేయనట్టేనా?

సమాధానం (మారతహళ్లి)

చట్టం దృష్టిలో అంతేనమ్మా. వేసిన 30 రోజులలోపు వెరిఫై చేయాలి, అంటే రిటర్ను మీదేనని ధ్రువీకరించాలి, లేకపోతే అది చెల్లదు. అయినా దారి ఉంది. పోర్టల్‌లోని సర్వీసులలో కండోనేషన్ (ఆలస్యాన్ని మన్నించమనే) అభ్యర్థన కింద వెరిఫికేషన్ ఆలస్యానికి కారణం రాసి పెట్టండి. కబుర్లన్నీ వేరొకరి ఫోనుకు వెళ్లాయన్న నిజమే రాయండి. తిరస్కరిస్తే, గడువు దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్ను వేయవచ్చు. అయితే 2026 మార్చి 31 లోపు వేస్తే పన్ను, వడ్డీ మీద 25 శాతం అదనంగా కట్టాలి, ఆ తరువాతైతే ఇంకా ఎక్కువ కట్టాలి, రిఫండు కోరడానికి అది పనికిరాదు. ఈలోగా ఆ పాత రసీదును బ్యాంకుకు మళ్లీ ఇవ్వకండి. రసీదు నంబరుతో స్థితి చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

అడిగినవారు

అభ్యర్థన ఈ ఉదయమే పెట్టాను. మిగతా రెండేళ్ల కాగితాలు, ఈ అభ్యర్థన రసీదు తీసుకుని సోమవారం బ్యాంకుకు వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పి గడువు అడుగుతాను.