సముద్రపు ఒడ్డు ఇంటి లోపల రంగులు, బొమ్మలు ఉండాలా? తెల్లగా వదిలేయాలా?

వశిష్ఠతీరం:
అంతర్వేదికి కాస్త ఇవతల, సముద్రపు హోరు వినపడే చోట అన్నదమ్ములం కలిసి పెద్ద ఇల్లు కడుతున్నాం. శ్లాబులు అయ్యాయి, ఇక లోపలి పని మొదలుపెట్టాలి. డిజైనర్ అమ్మాయి ఇచ్చిన ప్లానులో మెట్టుకో రంగు, వంటింటి అలమరలకి చేప ఆకారంలో ఇత్తడి పిడులు, పిల్లల స్నానాలగదిలో పీతల బొమ్మల టైల్స్, కిటికీల పైన రంగుటద్దాలు ఉన్నాయి. నాకు తెగ నచ్చేసింది. మా అన్నయ్య మాత్రం ససేమిరా అంటున్నారు. ఇంత డబ్బు పోసి రిసార్టులా చేయొద్దని, తెలుపు, బూడిద రంగు చాలని ఆయన పట్టు. మీరేమంటారు?

లంకవాసి:
నేను మీ అన్నగారి వైపేనండి. కిటికీ తెరిస్తే సముద్రం, ఇటు తిరిగితే సరుగుడు తోటలు. వాటితో లోపలి గోడలు పోటీ పడటం దేనికి? పీతల బొమ్మలు ఇవాళ ముద్దుగానే ఉంటాయి. పిల్లలు కాలేజీకి వెళ్లే వయసొచ్చాక వాళ్లే పీకేయమంటారు. మన మండువా లోగిళ్లు చూడండి. సున్నం గోడ, టేకు స్తంభం, నడుమ ఆకాశం. అంతకు మించిన హుందాతనం ఎక్కడుంది?

కొబ్బరితోట:
ఆ లోగిళ్లలో రంగుల్లేవని ఎవరన్నారండీ? మా అమ్మమ్మగారింట్లో వీధి గది కిటికీల పైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం అద్దాలు అర్ధచంద్రంలా ఉండేవి. పొద్దెక్కేకొద్దీ ఆ రంగు మచ్చలు నేల మీద జరుగుతుంటే, వాటి మీద కాళ్లు పెడుతూ ఆడుకునేవాళ్లం. ద్వారబంధం మీద చెక్కిన చిలకలకి కూడా రంగులు వేసి ఉండేవి. అంతెందుకు, కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోటకి వచ్చే ప్రభల్ని, అంటే రంగురంగుల గుడ్డలతో అలంకరించి మోసుకొచ్చే ఎత్తైన వెదురు కట్టడాల్ని చూడండి. 2023 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్రం ఢిల్లీలో చూపించింది ఆ ప్రభల తీర్థాన్నే. ఒడ్డున పడవలు కూడా నీలం, పసుపు, ఎరుపే. రంగు పడితే రిసార్టు అవుతుందనడం అన్యాయం.

లంకవాసి:
ప్రభ ఒక్క రోజు వేడుక. ఇంట్లో రోజూ ఉండాలి. మీరు చెప్పిన అద్దాలు కూడా కిటికీ పైనే కదా, గోడలన్నీ కాదు. నేను వద్దంటున్నది ఆ మితం లేకపోవడాన్నే.

మేస్త్రీపని:
నేను ఈ తీరంలో ఇళ్ల లోపలి పనులు చేయిస్తుంటాను. రుచి సంగతి మీరూ మీరూ తేల్చుకోండి గానీ, మా దగ్గర సగం నిర్ణయాలు ఉప్పుగాలే చేసేస్తుంది. పైన అంటించిన రంగు ఏదీ నిలవదు. వాల్‌పేపరు వర్షాకాలంలో అంచుల దగ్గర లేస్తుంది. ఎండీఎఫ్, అంటే చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే పలక మీద ఎంత అందమైన రంగేసినా తేమకి ఉబ్బుతుంది. చవుడు పట్టిన గోడకి ఎనామిల్ వేస్తే లోపలి తేమ బయటికి పోలేక బుడగలొచ్చి పెచ్చులూడుతుంది. తెల్ల పెయింటుకీ ఇదే గతి, కాబట్టి తెలుపే క్షేమం అని మీ అన్నయ్యగారు అనుకోనక్కర్లేదు.

రంగు వస్తువులోనే కలిసి ఉంటే దానికి ఢోకా లేదు. ఎర్ర గచ్చులో వేసేది ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పు రంగే. అది ఎండకి వెలవదు. పసుపు, నలుపు ఆక్సైడ్లూ అంతే. గచ్చులో నీలం మాత్రం నిలకడ తక్కువ, నిలిచేది ఖరీదు. నీలం కావాల్సిన మెట్లకి పింగాణీ టైలు వేయించండి, దాని రంగు బట్టీలోనే కాలి ఉంటుంది. రంగుటద్దాలూ సరిగ్గా అలాంటివే. పీతల టైల్స్ కొనేటప్పుడు బొమ్మ పైన అచ్చువేసిందా, గ్లేజు, అంటే అద్దంలాంటి పైపొర కింద పెట్టి కాల్చిందా అని అడగండి.

చేప పిడులు పోత ఇత్తడివైతేనే పెట్టించండి. పైపూత వేసినవి ఈ గాలికి పొలుసుల్లా లేస్తాయి. మన అజ్జరంలో ఇత్తడి పని చేసేవాళ్లున్నారు, నమూనా ఇచ్చి అడిగి చూడండి. చిలుము పడితే చింతపండుతో తోముకోవచ్చు. ఇంకో మాట. పిడి ఇత్తడిది పెట్టి స్క్రూ ఇనుపది బిగిస్తారు. ఉప్పుగాలిలో ఆ రెండూ కలిస్తే ఇనుముని తుప్పు ఇంకా త్వరగా తినేస్తుంది, అలమర మీద తుప్పు చారలు దిగుతాయి. స్క్రూలూ ఇత్తడివే అడగండి. తలుపు బందులకి స్టీలైతే మామూలు 304 రకం కాదు, ఉప్పుగాలికి బాగా తట్టుకునే 316 రకం.

నరసాపురం లేసు:
మా ఇంట్లో అమ్మ, పిన్ని అందరూ లేసు అల్లేవాళ్లే. మన లేసుకి 2024లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఇక్కడి పెద్దిళ్లలో ఎక్కడినుంచో తెప్పించిన, లైట్లకి తొడిగే గుడ్డ షేడ్లే వేలాడుతుంటాయి. చేప, శంఖం, తాబేలు, ఏ బొమ్మ అడిగినా కొక్కెం సూదితో అల్లిస్తారు, రంగు దారంతో కూడా. ఉతుక్కోవచ్చు, మళ్లీ బిగించుకోవచ్చు, విసుగొస్తే మార్చుకోవచ్చు. లంకవాసి గారి భయానికి ఇదే సరైన మందు. ఒక్కటే కోరతాను. మధ్యవాళ్ల చేత కాకుండా అల్లే ఆవిడకే నేరుగా డబ్బివ్వండి. కళ్లు పోగొట్టుకుని అల్లితే చేతికొచ్చేది మరీ తక్కువ.

లంకవాసి:
లేసు సంగతి ఒప్పుకుంటానమ్మా. తీసేయడానికి వీలున్న చోట సరదా ఎంతైనా పెట్టుకోవచ్చు. మెట్టుకో రంగు మాత్రం నాకింకా మింగుడు పడటం లేదు. అది తీసేసేది కాదు.

వశిష్ఠతీరం:
మెట్ల మీదే అన్నయ్యతో మళ్లీ మాట్లాడాను. అడుగు పెట్టే పైభాగమంతా ఎర్ర గచ్చు, ఎదురుగా కనిపించే నిలువు భాగానికి మాత్రం రంగు టైలు అంటే సరేనన్నారు. మాఘంలో అంతర్వేది స్వామివారి కల్యాణానికి చుట్టాలంతా వస్తారు, ఆ లోపు గృహప్రవేశం అనుకుంటున్నాం. మేస్త్రీ గారూ, కుదురుతుందంటారా?

మేస్త్రీపని:
కుదురుతుందండి, గచ్చు దసరాకే పోయిస్తే. ఇసుక గోదావరిదే వాడమనండి, ఒడ్డుది వద్దు. తడపడానికి బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ట్యాంకరు తెప్పించండి, లేదంటే గచ్చు మీద తెల్ల మచ్చలు తేలతాయి. ముందు రెండు మెట్లు శాంపిల్ చేయించి మీ అన్నయ్యగారికి చూపించండి.